బర్రె ముందర పదో తరగతి

మా అమ్మాయి పదో తరగతికి వచ్చిన ఏడాది, బడి తెరవడానికి పన్నెండు రోజుల ముందు, నేను నలుగురిలో నోరు జారాను. అబద్ధమేమీ చెప్పలేదు. ఒక పని చేస్తానని లేచి నిలబడి చెప్పాను. ఆ పని నా ఒక్కదాని చేతిలో లేదని, మధ్యలో ఒక బర్రె కూడా ఉందని ఆ నిమిషంలో నాకు గుర్తు రాలేదు.

మాది పాతబస్తీ. ఫలక్‌నుమాకు వచ్చిపోయే రైళ్ళ కూత ఇంట్లోకి వినబడుతుంది. ముందు రెండు గదులు, వెనక రేకుల కొట్టం, కొట్టంలో రెండు బర్రెలు. మా మామ ఉన్నప్పుడు ఎనిమిది ఉండేవట. గల్లీ ఇరుకవుతున్న కొద్దీ బర్రెలు తగ్గుతూ వచ్చాయి. ఆ రెండిట్లో పెద్దది బుద్ధిమంతురాలు. తెల్లవారుజామున అయిదింటికి నేను పాలు పిండితే మా ఆయన క్యాన్లు బండికి కట్టుకుని హోటళ్ళకు వేసి వచ్చేవాడు. రెండోదాని సంగతి వేరు. అది మా అమ్మాయి చిన్నప్పుడు మా కొట్టంలోనే పుట్టింది. దాని ముక్కు తుడిచింది, కుడితి తాగించింది, ఒళ్ళు కడిగింది అంతా మా అమ్మాయే. చలికాలంలో తొలిచూలు ఈనాక మా అమ్మాయి చేతికి తప్ప ఎవరి చేతికీ పాలు ఇవ్వలేదు. అది కూడా పొద్దున ఏడయితే గానీ ఇవ్వదు. ఆరింటికి పిండుదామని చూశాం. గాబులో నీళ్ళు తాగుతూ మావైపు చూసిందే తప్ప చుక్క విడవలేదు.

ఏడింటికి పిండి, చేతులు కడుక్కుని, స్నానం చేసి, జడలు వేసుకుని బయలుదేరి, ఆటోలో ముప్పావుగంట పోయేసరికి బడిలో ప్రార్థన అయిపోయేది. తొమ్మిదో తరగతి చివరి నెలలన్నీ మా అమ్మాయి గేటు బయట నిలబడి, ఆలస్యపు పుస్తకంలో సంతకం పెట్టి లోపలికి పోయింది. నాకు ఆ సంగతి చెప్పలేదు. నేనూ అడగలేదు. అడిగితే ఏం చెబుతుందో నాకు తెలుసు.

ఎందుకు తెలుసంటే నేనూ అలా నిలబడినదాన్నే. మా అమ్మవాళ్ళది మలక్‌పేట వైపు. అక్కడా పాల ఇల్లే. నేను సంచి భుజానికి వేసుకుని వాకిలి దాటుతుంటే మా అమ్మ వెనక నుంచి పిలిచేది. "బిడ్డా, జర ఆగు. గీ ఒక్కదాన్ని పిండి పో." రోజూ ఒక్కటే. ఆ ఒక్కదాన్ని పిండి పోయేసరికి మొదటి పీరియడ్ అయిపోయేది. మా మొదటి పీరియడ్ లెక్కలు. పదో తరగతి ఫలితాలు పేపర్లో వచ్చిన రోజు నా నంబరు లేదు. తర్వాత మార్కుల కాగితం చూస్తే అన్నీ పాసే, లెక్కలు ఒక్కటి పోయాయి. మళ్ళీ కడతానంటే ఎవరూ వద్దనలేదు, కట్టమనీ అనలేదు. ఆ వేసవిలోనే పెళ్ళయింది. మా అమ్మ మీద నాకు కోపం లేదంటే అది నిజం కాదు. ఉంది. ఆమె పోయి చాలా ఏళ్ళయినా ఆ కోపం అప్పుడప్పుడు వచ్చిపోతుంటుంది.

సరే, ఆ మీటింగు సంగతి. బడి తెరవకముందే పదో తరగతి పిల్లల తల్లిదండ్రులను పెద్దమేడం పిలిపించింది. ఏటా పిలుస్తారు, పిల్లల్ని చదివించండి, ఫోన్లు ఇవ్వకండి అని చెప్పి చాయ్ ఇచ్చి పంపుతారు. ఈసారి కొత్తగా వచ్చిన పెద్దమేడం వేరే రకం మనిషి. పిల్లలందరినీ ఒక పక్కన కూర్చోబెట్టి, మమ్మల్ని వాళ్ళ బెంచీల్లో కూర్చోమంది. నా మోకాళ్ళు బెంచీ కింద పట్టలేదు.

"మొదటి రోజు నుంచే పొద్దున ఎనిమిది గంటలకు స్పెషల్ క్లాసు. పిల్లలు ఏం చేయాలో వాళ్ళకు నేను చెప్పుకుంటా. మీ ఇంట్లో మీరేం మారుస్తరో చెప్పున్రి. ఒక్కొక్కరు ఒక్కటే. పిల్లలు వినాలె" అంది.

 ముందుగా గాజుల దుకాణంలో పనిచేసే ఒకావిడ లేచి, సాయంత్రం బిడ్డతో గాజులకు రాళ్ళు అతికించే పని చేయించనంది. ఒకాయన రాత్రి టీవీ కట్టేస్తానన్నాడు. వాళ్ళ కొడుకు నమ్మనట్టు తలెత్తి చూశాడు. అందరం నవ్వాం. నా వంతు వచ్చింది. నాకు ముక్కుమీద కోపమే కాదు, నలుగురు చూస్తుంటే గొప్పలు పోయే గుణం కూడా ఉంది. లేచి గట్టిగానే చెప్పాను.

"మా ఇంట్ల రేపటి సంది బర్రె పాలు నేనే పిండుతా మేడం. నా బిడ్డ బకీటు ముట్టదు."

అందరూ చప్పట్లు కొట్టారు. మా అమ్మాయి మాత్రం కొట్టలేదు. నన్ను చూసి పెదవి కొరుక్కుంది. ఇంటికి వస్తూ ఆటోలో మెల్లగా అంది. "అమ్మా, గట్ల అందరి ముందట చెప్తే ఎట్లనే? అది నీకు ఇయ్యదు గదా."

"ఇయ్యకేం చేస్తది? నేను ఎన్ని బర్రెల్ని చూడలె" అన్నాను.

మర్నాడు ఏడింటికి మా అమ్మాయిని మిద్దె మీదికి తరిమి, తలుపు గడియ పెట్టి కొట్టంలోకి వెళ్ళాను. బర్రె పిల్లను, అదే దుడ్డెను, పొదుగు దగ్గరికి వదిలాను. దుడ్డె నోరు పెట్టగానే బర్రె చక్కగా చేపింది, పాలు పొదుగులోకి దించింది. దుడ్డెను లాగి కట్టేసి నేను కూర్చున్నాను. పొదుగు మీద చేయి వేయగానే పాలన్నీ పైకి లాక్కుంది. బకీటులో చాయ్ గ్లాసుడు పడ్డాయి. రెండోరోజు అంతే. మూడోరోజు కాలు విసిరితే ఆ గ్లాసుడు కూడా నేలపాలయ్యాయి.

మా ఆయన తవుడులో బెల్లం కలిపి పెట్టాడు. బెల్లం తిన్నది, పాలు ఇవ్వలేదు. ఎవరో చెబితే నేను మా అమ్మాయి పాత చున్నీ కప్పుకుని పోయాను. బర్రె చున్నీ వాసన చూసింది, నా ముఖం చూసింది, తోకతో ఒక్కటిచ్చింది. అదయ్యాక మా ఆయన తెలివి చూపించాడు. మా అమ్మాయి చేత నాలుగు ముద్దు మాటలు ఫోన్‌లో రికార్డు చేయించి, ఫోన్ నా జాకెట్టుకు తగిలించి పంపాడు. పొదుగు కాస్త మెత్తబడింది కూడా. అంతలో ఫోన్ మోగింది. పాలు ఇంకా రాలేదేంటని అడగడానికి గల్లీ చివరింటివాళ్ళు చేశారు. బర్రె బెదిరి బకీటును గోడకు తన్నింది. ఫోన్ పేడలో పడింది. ఆ ఫోన్ కడిగి ఆరబెట్టుకునేసరికి మా ఆయన తలప్రాణం తోకకొచ్చింది.

ఇంట్లో బడి సామాను ఒక్కొక్కటే జమ అవుతోంది. మా గల్లీలో పదో తరగతి పుస్తకాలు ఒకరి నుంచి ఒకరికి చేరతాయి. పరీక్షలైన మర్నాడే పై ఇంటి పిల్ల వచ్చి తన పుస్తకాలు మా అమ్మాయికి ఇచ్చిపోయింది. బడిలో కొత్తవి ఇస్తారు, అయినా పాతవి ఉంటే సెలవుల్లో ఒకసారి తిరగేసుకోవచ్చు. మా ఆయన బీరువా పక్కన ఉన్న తవుడు బస్తాలు తీసేసి, అక్కడ చెక్క పలక బిగించి, పైన ట్యూబులైటు పెట్టాడు. మా అమ్మాయి ఆ వెలుతురులో కూర్చుని నోటుపుస్తకాలకు అట్టలు వేసుకుంటుంటే నాకు మస్తు సంతోషంగా ఉండేది. మరుక్షణమే పొద్దుటి పాలు గుర్తొచ్చి బెంగ పట్టుకునేది. ఆరు రోజులు అలాగే పోయాయి. దానికి పొదుగు వాస్తుందన్న భయంతో రోజూ చివరికి మా అమ్మాయినే కిందికి పిలవాల్సి వచ్చేది. అది వచ్చి కూర్చుంటే పది నిమిషాల్లో బకీటు నిండేది.

ఆరో రోజు మా అమ్మాయి చేతులు తుడుచుకుంటూ అంది. "అమ్మా, ఫికర్ చేయకు. నేనే పిండి పోతా. స్పెషల్ క్లాసుకు జర లేటైతే ఏమైతది? మొదటి పీరియడే గదా."

ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండిపోయింది. అరిచాను. దాన్ని కాదు, ఎవర్నో. అది బిత్తరపోయి లోపలికి వెళ్ళిపోయింది. నేను కొట్టంలోనే కూర్చుని ఏడ్చాను. బర్రె నెమరేస్తూ నిలబడింది.

మా కొట్టానికి ఆనుకుని ఉన్న గోడ అవతల ఒక ముసలామె కుట్టుమిషను పెట్టుకుని ఉంటుంది. గల్లీ అంతా ఆమెను చాచీ అంటాం. ఆ గల్లీలో బడి బట్టలన్నీ ఆమే కుడుతుంది, మా అమ్మాయివి కూడా. నా అరుపులు విని, ఆ మధ్యాహ్నం కొలతలు మళ్ళీ చూడాలని వంకపెట్టి వచ్చింది. మా అమ్మాయి లంగాకు నడుం నుంచి కిందికి టేపు వదులుతూ, "ఏక్ సాల్‌లో మస్తు పొడుగైతది. కింద మడత ఎక్కువ వదులుతా" అంది. తర్వాత నన్ను చూసి అడిగింది. "రోజూ పొద్దుగాల నీ బిడ్డ సబఖ్ చదువుతుంటే నేను మిషన్ కాడ కూసొని ఇంటుంటి. ఆరు రోజులాయె, ఏంది ఆవాజే లేదు?"

"సబఖ్ ఏంది చాచీ?" అన్నాను.

"అరె, బర్రె కాడ కూసొని చదువుతది గదా! పేగులు, కడుపు, రకతం... నాకు సగం యాదైంది."

నేను మా అమ్మాయి వైపు తిరిగాను. అది నవ్వు ఆపుకోలేక చెప్పింది. చలికాలంలో పరీక్షలకు టైము చాలక, కొట్టం గోడలో ఉన్న గూట్లో పుస్తకం నిలబెట్టి, పిండుతూ పైకి చదువుకునేదట. అలవాటై సెలవుల్లో కూడా పై ఇంటి పిల్ల ఇచ్చిన పదో తరగతి పుస్తకాలు చదువుతూనే పిండిందట. ఆ వేళప్పుడు నేను ముందు వాకిట్లో వచ్చినవాళ్ళకు పాలు పోస్తుంటాను, నాకెలా వినబడుతుంది? గూట్లో పుస్తకం ఒకసారి చూసి, తుంపర పడుతుందని తిట్టాను కూడా. ఈ ఆరు రోజులూ కిందికి వచ్చి పిండినప్పుడు మాత్రం చదవలేదా అంటే, "గొణుక్కుంట చదివిన. నువ్వు పక్కనుంటే సిగ్గైతది" అంది.

చాచీ టేపు మెడలో వేసుకుని లేచింది. "నీ బర్రెకు బెల్లం నక్కో, సబఖ్ హోనా" అంది. బెల్లం వద్దంట, పాఠం కావాలంట.

మర్నాడు గూట్లో సైన్సు పుస్తకం పెట్టి ఇటుకముక్క ఆనించాను. ఇప్పటి పుస్తకాలు మంచివి, ఒక పేజీలో ఇంగ్లీషు ఉంటే ఎదురు పేజీలో అదే తెలుగులో ఉంటుంది. మా అమ్మాయి చదివేది ఇంగ్లీషు మీడియం. నేను తెలుగు పేజీ తిప్పుకున్నాను. దుడ్డెను వదిలి, లాగి కట్టి, కూర్చుని గొంతు సవరించుకున్నాను. ఎన్నేళ్ళయిందో పాఠం పైకి చదివి! మొదటి వాక్యం చదువుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ఆహారం నోట్లోంచి ఎటు పోతుందో చదివాను. లాలాజలం గురించి చదివాను. బర్రె చెవి ఒకటి ఇటు తిప్పింది. జీర్ణాశయం దాకా వచ్చేసరికి పొదుగు మెత్తబడింది. చిన్నపేగులోకి వచ్చేసరికి బకీటులో ధార పడిన చప్పుడు వినబడింది. నేను చదవడం ఆపితే అదీ ఆపేది. అందుకని దమ్ము తీసుకోకుండా చదివాను. గోడ అవతల చాచీ మిషను కూడా ఆగింది.

పూర్తిగా ఇవ్వలేదు. సగం బకీటుకు కాస్త ఎక్కువ. అయినా ఆ బకీటు పట్టుకుని నేను వాకిట్లోకి వస్తుంటే మా ఆయన బండి దిగకుండానే అన్నాడు. "ఇగ సూడు, నీకంటే ముందుగాల గా బర్రె టెన్త్ పాసైతది."

అన్నాక నాలుక కరుచుకున్నాడు. నా లెక్కల సంగతి ఆయనకు తెలుసు.  నాకేమో నవ్వొచ్చింది, ఆయనకు కనిపించకుండా లోపలికి వచ్చి నవ్వుకున్నాను.

అక్కడి నుంచి అయిదు రోజులు నాకు భలేగా గడిచాయి. సైన్సులో ఆ పాఠం అయ్యాక సాంఘికశాస్త్రం పట్టుకున్నాను. నదులు, పంటలు, ఎండలు. మధ్యాహ్నం అంట్లు తోముతూ పొద్దున చదివినవి గుర్తుకు తెచ్చుకునేదాన్ని. రాత్రి మా అమ్మాయి పలక ముందు కూర్చుని చదువుతుంటే మధ్యలో అందించేదాన్ని. అది వింతగా చూసేది. "అమ్మా, నీకు ఇంత యాదుంటదా?" అంది ఒకసారి. ఆ మాటకు ఆ పూటంతా నేల మీద కాలు ఆనలేదు. లెక్కల పుస్తకం జోలికి మాత్రం పోలేదు. గూట్లో అది కనిపిస్తే తిరగేసి పెట్టేదాన్ని.

బడి తెరిచే రోజు వచ్చింది. ఆరున్నరకే మా అమ్మాయి తయారైంది. చాచీ కుట్టిన కొత్త బట్టలు, రిబ్బన్లు, నల్ల బూట్లు. మా ఆయన రెండోవిడత పాలకు పోకుండా, దాన్ని ఆటో ఎక్కించడానికి గేటు దగ్గర నిలబడ్డాడు. నేను ఏడింటికి కొట్టంలో కూర్చున్నాను. దుడ్డెను కట్టేశాక, చేతులు తడుపుకుని, గూటి వైపు తలెత్తాను. గూట్లో లెక్కల పుస్తకం ఒక్కటే ఉంది. మొదటి రోజు అవసరమవుతాయని సైన్సు, సాంఘికశాస్త్రం రెండూ మా అమ్మాయి సంచిలో పెట్టుకుంది.

సరిగ్గా అప్పుడే వాకిట్లోంచి కేక. "అమ్మా, పోతున్న!"

బర్రె తలెత్తింది. ఆ గొంతు దానికి తెలుసు. గేటు వైపు తిరిగి తాడు లాగింది. నా చేతి కింద పొదుగు బిగుసుకుంది. అప్పటికి బకీటులో అడుగు కూడా తడవలేదు. గల్లీలో సగం ఇళ్ళకు చాయ్ పాలు పోయాలి.

"బిడ్డా, జర ఆగు."

ఆ మాట నా నోటి చివరికి వచ్చింది. పెద్ద పనేమీ కాదు. ఒక్క నిమిషం వచ్చి సైన్సు పుస్తకం ఇచ్చిపొమ్మంటాను. వస్తే బర్రె దాన్ని చూస్తుంది. చూశాక నాకు ఇవ్వదు. జర పిండి పో అంటాను. అది సంచి దించి కూర్చుంటుంది, కాదనదు, దాని గుణం నాకు తెలుసు. మా అమ్మ కూడా ఏ రోజూ నా చెడు కోరి పిలవలేదు. ఆమె చేతి కింద కూడా ఇలాగే ఏదో బిగుసుకుని ఉంటుంది. ఆ సంగతి నాకు ఇన్నేళ్ళకు, ఆ పీట మీద కూర్చున్నప్పుడు తెలిసింది. ఆమె మీద కోపం కొంచెం తగ్గింది. కొంచెమే.

"పో బిడ్డా, టైమైతుంది! ఎనుకకు చూడకు!" అని అరిచాను.

గేటు పడిన చప్పుడయింది. ఆటో వెళ్ళిపోయిన చప్పుడయింది. బర్రె ఇంకా అటే చూస్తోంది. నేను తడిచేత్తోనే లెక్కల పుస్తకం మొదటి పాఠం తీశాను. సంఖ్యల గురించి. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు ఈ పాఠం ఎవరు చెప్పారో, ఏం చెప్పారో నాకు తెలియదు. నేను లేను. వాక్యం వాక్యం కూడబలుక్కుని చదివాను. కారణాంకాల దగ్గర తడబడి మళ్ళీ మొదటికొచ్చాను. రెండోసారి కొంత అర్థమైంది. మూడోసారి చదువుతుంటే పొదుగు మెల్లగా మెత్తబడింది.

ఆ పూట పాలు తక్కువయ్యాయి. ఇద్దరు ముగ్గురు వట్టి గిన్నెలతో వెనక్కి పోయారు, ఒకావిడ గట్టిగానే లొల్లి పెట్టింది. ఆ మాటలు పడ్డాను.

సాయంత్రం మా అమ్మాయి కొత్త పుస్తకాల మోత మోసుకుని వచ్చింది. ఎనిమిదికి పది నిమిషాల ముందే చేరిందట. పెద్దమేడం గేటు దగ్గరే ఉండి, మీ అమ్మ మాట నిలబెట్టుకుందన్నమాట అందట. నీళ్ళు తాగి, బూట్లు విప్పుతూ అడిగింది. "పొద్దుగాల ఆగమాగంల సైన్స్ పుస్తకం తీస్కపోయిన. ఇగ కొత్తవి వచ్చినయ్ గదా, పాతవన్నీ నీకే. రేపు గూట్లె ఏది పెట్టమంటవ్?"

"లెక్కలదే ఉండనీ" అన్నాను.